తులసి కుండీ కింద తాళంచెవి: సస్పెన్స్ సీను కట్టే పని, మొదటి నుంచి చివరిదాకా

రాత్రి పదిన్నర. విశాఖ వన్‌టౌన్‌లో ఒక ఇరుకు సందు. జగదాంబ దగ్గర బట్టల కొట్టులో పనిచేసే నూకరత్నం ఆటో దిగుతుంది. మేడమెట్లెక్కి, తన వాటా ముందున్న తులసి కుండీని కాస్త పక్కకి వంచి, కింద నుంచి తాళంచెవి తీస్తుంది. తలుపు తెరుచుకుని లోపలికి వెళ్తుంది. నైట్ లాచ్ కాబట్టి వెనకాల తలుపు దానంతటదే టక్కుమని పడుతుంది.

ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. ప్రతి ఇంట్లో రోజూ జరిగేదే.

ఇప్పుడు దీనికి ముందు ఒక్క షాట్ చేర్చండి. తొమ్మిదిన్నరకి ఒక మగచెయ్యి అదే కుండీని వంచింది, తాళంచెవి తీసింది, తలుపు తెరిచింది, తాళంచెవిని మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేసింది. మనిషి లోపలికి వెళ్లిపోయాడు. తలుపు టక్కుమని పడింది.

రత్నం చేసే పనుల్లో ఒక్కటీ మారలేదు. ఆమె ముఖం, లైటు, కెమెరా పెట్టిన చోటు అన్నీ అవే. అయినా ఆటో దిగిన క్షణం నుంచీ చూసేవాడి కడుపులో ఏదో మెలిపెడుతుంది. ఆమె కుండీ మీద చెయ్యి వేస్తుంటే "వద్దమ్మా" అని అరవాలనిపిస్తుంది.

ఈ సీనునే చివరిదాకా పట్టుకుని, కాగితం మీద రాసుకోవడం దగ్గర్నుంచి ఎడిటింగ్ దాకా సస్పెన్స్ ఎలా కట్టాలో చెబుతాను. ఫోన్‌తో తీసేవాళ్లకీ పనికొస్తుంది, పెద్ద కెమెరా ఉన్నవాళ్లకీ పనికొస్తుంది. చీకటీ, మ్యూజిక్కూ ఉంటే సస్పెన్స్ వచ్చేస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. నా అనుభవంలో సస్పెన్స్ అంటే ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు అన్న లెక్క. కెమెరా, లైటు, శబ్దం, కత్తెర అన్నీ ఆ లెక్కని ప్రేక్షకుడి ఒంట్లోకి ఎక్కించే పనిముట్లు.

ముందు ఒక కాగితం, మూడు గడులు

సస్పెన్స్ సినిమాలకి పేరుపడ్డ దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్‌ని 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా ట్రూఫో రోజుల తరబడి కూర్చోబెట్టి మాట్లాడించాడు. సస్పెన్స్ గురించి ఇప్పటికీ అందరూ చెప్పుకునే ఉదాహరణ అందులోదే. కొందరు బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే కింద ఉన్న బాంబు ఠపీమని పేలిందనుకోండి, చూసేవాళ్లకి పదిహేను సెకన్ల ఉలికిపాటు. అదే బాంబును ముందే చూపించి, గోడ గడియారం కూడా చూపిస్తే ఆ పనికిమాలిన కబుర్లే పదిహేను నిమిషాలు ఊపిరి బిగబట్టిస్తాయి.

దీన్ని చదివి తలూపడం సులువు. పాటించడం కష్టం. పదేళ్ల కిందట మేం తీసిన మొదటి షార్ట్ ఫిల్ములో నేను పాటించలేదు. ఒకామె ఇంటికి వస్తుంది, లోపల ఒకడు దాక్కుని ఉంటాడు. వాణ్ణి చివరి షాట్ దాకా దాచిపెట్టాం. ఏడు నిమిషాల సినిమాలో ఆరున్నర నిమిషాలు మ్యూజిక్ మోగుతూనే ఉంది. మర్రిపాలెంలో స్నేహితుడింట్లో గోడ మీద ప్రొజెక్టర్‌తో వేసి చూపిస్తే, మూడో నిమిషానికి ఇద్దరు ఫోన్లు తీశారు. చివర్లో అందరూ ఉలిక్కిపడ్డ మాట నిజమే. కానీ ఒక్క సెకను. ఆ సెకను కోసం ఆరున్నర నిమిషాలు పారబోశామని ఆ రాత్రి చాలా బాధపడ్డాను. మర్నాడు చివరి షాట్లోంచి ఆరు సెకన్లు కోసి సినిమా మొదట్లో అతికించాను. మిగతాదంతా అదే. వేరేవాళ్లకి వేసి చూపిస్తే ఈసారి ఒక్క ఫోనూ బయటికి రాలేదు. నేను ఈ పనిని నిజంగా నేర్చుకున్నది ఆ రోజే.

కాబట్టి స్క్రిప్టు రాయకముందే కాగితం మీద మూడు గడులు గీయండి. ఒకటి రత్నానిది, ఒకటి లోపలున్నవాడిది, మూడోది ప్రేక్షకుడిది. సీనులో ప్రతి మలుపు దగ్గరా ఎవరికి ఏం తెలుసో రాయండి. మన సీను ఇలా నడుస్తుంది.

మొదట, వాడు లోపలున్నాడని వాడికీ ప్రేక్షకుడికీ తెలుసు, రత్నానికి తెలియదు. తర్వాత ఒక చిన్న సంగతి వల్ల రత్నానికి తెలుస్తుంది. కానీ ఆమెకి తెలిసిందని వాడికి తెలియదు. ఆ తర్వాత, ఆమెకి తెలిసిపోయిందేమోనని వాడికి అనుమానం వస్తుంది.

ఈ మూడు మలుపులు ఉంటే మూడు నిమిషాల సీను నిలబడుతుంది. గడులు మారకుండా ఉంటే ఎంత మంచి కెమెరా పెట్టినా సీను సాగదీసినట్టే ఉంటుంది. ప్రేక్షకుడికి పాత్ర కన్నా తక్కువ తెలిస్తే అది మిస్టరీ. దానికీ దాని అందం ఉంది, కానీ ఆ పని వేరు. ఒకే సీనులో రెండూ కలిపితే చూసేవాడు ఆలోచించాలో భయపడాలో తెలీక మధ్యలో ఆగిపోతాడు.

రెండో మలుపుకి ఒక వస్తువు వెతకండి

రత్నానికి ఎలా తెలియాలి? నేల మీద కత్తి కనపడటం, అద్దంలో నీడ కదలడం అరిగిపోయిన దారులు. ఆ ఊరిని, ఆ ఇంటిని, ఆ మనిషి అలవాటుని అడగండి. వాళ్లే చెబుతారు.

విశాఖలో ఉక్క ఎలా ఉంటుందో ఇక్కడ బతికినవాళ్లకి చెప్పక్కర్లేదు. సముద్రం పక్కనే ఉన్నా, సందుల్లో గాలి ఆడని రాత్రి తలుపు వేసుకుని గదిలో గంటసేపు కూర్చోవడం ఎవరివల్లా కాదు. లోపల దాక్కున్నవాడు కూడా మనిషే. ఫ్యాన్ వేసుకుంటాడు.

ఇప్పుడు రత్నం చీకట్లో లోపలికి వస్తుంది. రోజూ చేసినట్టే, చూడకుండానే, గోడ మీదకి చెయ్యి చాపి ఫ్యాన్ స్విచ్ నొక్కుతుంది. తిరుగుతున్న ఫ్యాను ఆగడం మొదలుపెడుతుంది.

ఈ సీనుకి గుండెకాయ ఇదే. డైలాగు అక్కర్లేదు. తెలుగింట్లో పెరిగిన ఎవరికైనా దాని అర్థం వెంటనే తగులుతుంది. పొద్దున్న ఆపేసి వెళ్లిన ఫ్యాన్ ఇది. ఆ తర్వాత ఆమె చేసే పని ఇంకా మంచిది. ఫ్యాన్ ఆగిపోతే లోపలివాడికి ఆ చప్పుడు తేడా తెలుస్తుంది కదా. అందుకని ఆమె స్విచ్ మళ్లీ నొక్కుతుంది. ఫ్యాన్ వేగం అందుకుంటుంది. ఫోన్ చెవిన పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా, మామూలు గొంతుతో "పాల ప్యాకెట్ మర్చిపోనానమ్మా, కిందకెళ్లి తెస్తానుండు" అంటుంది. ఇక తలుపు దాకా ఆరడుగులు నడవాలి. నైట్ లాచ్ తీస్తే టక్కుమంటుంది.

ఇల్లు ముందే చూపించేయండి

ఎక్కడ ఏముందో తెలియని చోట చూసేవాడు భయపడడు, అయోమయపడతాడు. రెండూ వేరు. తలుపుకీ స్విచ్‌బోర్డుకీ దూరమెంత, పడగ్గదికి తలుపుందా, కర్టెనేనా, వంటింటి నుంచి వెనక్కి దారి ఉందా అన్నవి భయం మొదలయ్యేలోపే తెలిసిపోవాలి. పగటి వెలుగులో, ఏ ఒత్తిడీ లేని ఒక ముందు సీనులో, రత్నం కొట్టుకి తయారవుతూ ఇల్లంతా ఒక్కసారి తిరిగేలా రాయండి. పడగ్గదిలోంచి దువ్వెన, వంటింట్లోంచి క్యారేజీ, స్విచ్ నొక్కి ఫ్యాన్ ఆపడం, తలుపు టక్కుమనడం, కుండీ కింద తాళంచెవి. నలభై సెకన్లు చాలు. చూసేవాడికి ఆమె జీవితం చూపిస్తున్నట్టు ఉంటుంది. మనం చేస్తున్నది ఇంటి పటం గీయడం.

ఫ్యాన్ ఆపడం అందులో తప్పకుండా ఉండాలి. కానీ దానికి విడిగా క్లోజప్ వేయకండి. క్లోజప్ వేస్తే చూసేవాడు ఏదో ఉందని పసిగడతాడు. నడుస్తూ నడుస్తూ చెయ్యి చాపి ఆపేయాలి, అంతే.

ఇంటి పటాన్ని మీరు కూడా కాగితం మీద గీసుకోండి. రత్నానికీ పడగ్గది కర్టెన్‌కీ మధ్య ఒక గీత గీసి, కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఒకే పక్కన ఉంచండి. గీత దాటితే కుడి ఎడమలు తారుమారవుతాయి, ప్రమాదం ఏ దిక్కున ఉందో చూసేవాడు మర్చిపోతాడు. పాతకాలపు వన్‌టౌన్ వాటాల్లో గదులు ఒకదాని వెనక ఒకటి రైలుపెట్టెల్లా ఉంటాయి. కెమెరాకి చోటు తక్కువే, కానీ సస్పెన్స్‌కి వరం. ముందు గదిలో నిలబడి చూస్తే వంటింటి కిటికీ దాకా కనిపిస్తుంది.

ఆలస్యం చేయండి

బాంబు పెట్టాం. ఇల్లు చూపించాం. ఇప్పుడు రత్నాన్ని తొందరగా పైకి పంపకండి. మెట్ల కింద వాటాలో ఉండే ముసలావిడ అరుగు మీద కూర్చుని ఉంటుంది.

"ఏటమ్మా రత్నం, ఇంతసేపు అయిపోనాదేటి?"

"కొట్లో లెక్కలు తేలేసరికి ఈయేళయ్యింది మామ్మా."

"అన్నం తిన్నావా? పులుసుంది, పట్టుకెల్తావా?"

మామూలుగా అయితే ఎడిటర్ కోసి పారేసే మాటలివి. చెయ్యి షాట్ ముందు పడింది కాబట్టి ఇప్పుడు ప్రతి మాటా బంగారం. పులుసు తీసుకుంటే ఇంకో రెండు నిమిషాలు బతుకుతుంది. "వద్దులే మామ్మా" అంటే పైకి వెళ్లిపోతుంది. చూసేవాడు ఆ గిన్నె పులుసు కోసం ప్రార్థిస్తాడు. ఈ మాటలు ప్రేమగా, నిజంగా ఉండాలి. ముసలావిడ గొంతులో అనుమానం, కళ్లలో వింత చూపు పెడితే మొత్తం చెడుతుంది. భయం మోయాల్సింది చూసేవాడు, ఆవిడ కాదు.

కెమెరా ఎక్కడ పెట్టాలి

ప్రతి షాట్‌కీ ఒక ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు ప్రేక్షకుణ్ణి ఎవరి పక్కన నిలబెడుతున్నాను? రత్నం భుజం వెనక పెడితే ఆమెతో కలిసి నడుస్తాడు. పడగ్గది కర్టెన్ సందులోంచి తీస్తే వాడితో కలిసి చూస్తున్నాడు, నేరంలో వాటాదారు అవుతాడు. రెండోదాన్ని సీను మొత్తానికి ఒక్కసారే వాడండి. ఎక్కువైతే దాని పదును పోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చే పద్ధతి ఖాళీ చోటు. ఫ్రేములో రత్నాన్ని ఎడమ అంచుకి జరిపి, కుడి వైపు సగానికి పైగా చీకటి గుమ్మాన్ని వదిలేయండి. అక్కడ ఏమీ జరగనివ్వకండి. చూసేవాడి కన్ను రత్నం మీద నిలవదు, ఆ గుమ్మం మీదే ఉంటుంది. మనం చూపించని దాన్ని అతనే అక్కడ నింపుకుంటాడు. 1975లో విడుదలైన జాస్ సినిమాని స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీస్తుంటే సముద్రపు నీళ్లలో యంత్రపు సొరచేప మాటిమాటికీ మొరాయించింది. దాంతో చేపని చూపించడం బాగా తగ్గించి, నీటి ఉపరితలాన్నీ, తేలే పీపాలనీ, జాన్ విలియమ్స్ రెండు స్వరాల సంగీతాన్నీ నమ్ముకున్నారు. భయం పెరిగింది.

కదలిక విషయంలో ఒక్కటే చెబుతాను: నెమ్మది. ఒక మీటరు దూరాన్ని పది పన్నెండు సెకన్లలో ముందుకు జరిగేలా తీయండి. కెమెరా కదులుతున్నట్టు తెలియకూడదు, గాలి తగ్గిపోతున్నట్టు అనిపించాలి. డాలీ, అంటే కెమెరాని జరిపే చక్రాల బండి, లేకపోతే నున్నటి గచ్చు మీద మందపాటి దుప్పటి పరిచి, దాని మీద ట్రైపాడ్ పెట్టి, ఇద్దరు దుప్పటి కొసలు పట్టుకుని లాగితే చాలు. ఫోన్‌లో ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ చేయడం మర్చిపోకండి. చీకటి గుమ్మం ఫ్రేములోకి రాగానే ఫోన్ తనంతట తాను వెలుగు పెంచేసి మీ కష్టాన్ని బూడిదలో పోస్తుంది.

1958 నాటి హిచ్‌కాక్ సినిమా వర్టిగోలో గోపురం లోపలి మెట్లదారి కిందికి సాగిపోతున్నట్టు కనిపించే షాట్ ఉంది కదా, కెమెరా ఒక దిక్కుకి కదులుతుంటే జూమ్ దానికి ఎదురు దిక్కుకి నడుస్తుంది. మెట్ల నమూనా చేసి, దాన్ని అడ్డంగా పడుకోబెట్టి తీశారు. అందరికీ అది చేయాలని ఉంటుంది. అక్కడ కథానాయకుడికి ఎత్తులంటే భయం, ఆ షాట్ ఆ భయానికి ఆకారం. రత్నానికి ఆ రోగం లేదు. మన సీనుకి అది వద్దు.

లైటు

ఒక్క వెలుగు చాలు, అది ఎక్కడి నుంచి వస్తోందో చూసేవాడికి తెలియాలి. వీధి దీపం కిటికీ ఊచల మీదుగా గోడ మీద పడేలా చూడండి. పోర్టుకి పోయే లారీ హెడ్‌లైటు ఒకసారి గదంతా తుడిచి వెళ్లేలా చేయండి, అసిస్టెంట్ బయట నిలబడి టార్చి తిప్పితే సరిపోతుంది. ఆ వెలుగు కర్టెన్ మీదకి వచ్చేలోపే షాట్ కోసేయండి.

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు కింద తీసేటప్పుడు సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ వేగం సెకనులో యాభయ్యో వంతు పెట్టుకుంటే తెర మీద వెలుగు చారలు కొట్టుకోవు.

బయటి షాట్లకి ఇంకో మాట. మనకి సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి పోతాడు, బీచ్ వైపు ఆకాశం త్వరగా నీలి బూడిద రంగుకి తిరుగుతుంది. రత్నం కొట్టు నుంచి బయల్దేరే షాట్లకి ఆ వెలుగు అద్భుతంగా ఉంటుంది, కానీ ఎక్కువసేపు ఉండదు. రిహార్సల్ అంతా ముందే ముగించి సిద్ధంగా ఉండండి.

శబ్దం: సగం సినిమా ఇక్కడే

కన్ను మూసుకోగలం, చెవి మూసుకోలేం. అందుకే నేను సస్పెన్స్‌లో కెమెరా కన్నా మైకుని ఎక్కువ నమ్ముతాను. బడ్జెట్‌లో వెయ్యి రూపాయలు మిగిలితే లెన్సు అద్దెకి కాదు, మైకు అద్దెకి పెట్టండి.

షూటింగ్ ఇంట్లో మొదట చేయాల్సిన పని, అందరినీ కదలకుండా కూర్చోబెట్టి ఒక నిమిషం గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయడం. ఒకసారి ఫ్యాన్ తిరుగుతుండగా, ఇంకోసారి ఫ్యాన్ ఆపేసి. మన సీను మొత్తం ఈ రెండింటి తేడా మీదే ఆధారపడి ఉంది. తర్వాత ఫ్యాన్ ఆగుతున్న చప్పుడుని మైకు దగ్గరగా పెట్టి విడిగా పట్టండి. వన్‌టౌన్ ఇళ్లలో పాత ఫ్యాన్లకి ఒక సన్నటి కిర్రు ఉంటుంది, తిరుగుడు తగ్గేకొద్దీ ఒక్కో కిర్రుకీ మధ్య ఎడం పెరుగుతుంది. కిర్రు, కిర్రు... కిర్రు... ఆఖరిది వచ్చిందో, ఇంకోటి వస్తుందో తెలియదు. ఏ మ్యూజిక్ డైరెక్టరూ ఇంత మంచి బిట్ ఇవ్వలేడు. షూటింగ్‌కి కొత్త ఫ్యాను ఉన్న ఇల్లు ఎంచుకోకండి.

ఫ్యాన్ ఆగాక ఏం వినపడాలి? అంతవరకూ ఉన్నా మనం వినని చప్పుళ్లు. దూరంగా హార్బరులో ఓడ కూత. కింద ముసలావిడ గిన్నె కడగడం. వంటింటి కుళాయి చుక్క. రత్నం ఊపిరి. ఒక్కొక్కటీ వదులుతూ రండి, అన్నీ ఒకేసారి పోయకండి. చివర్లో, ఈ చప్పుళ్లకి దేనికీ చెందనిది ఒక్కటి, తడి హవాయి చెప్పు గచ్చు మీద చేసే చిన్న పిచ్చుక్ శబ్దం. దీన్ని మొదటి సీనులో, మగచెయ్యి కుండీ వంచినప్పుడే వినిపించి ఉండాలి. అప్పుడు వాడి ముఖం చూపించక్కర్లేదు. ఆ చెప్పు చప్పుడే వాడి పేరు. 1931లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ఎం సినిమాలో హంతకుణ్ణి పట్టించేది అతను ఈలవేసే పాట. గుర్తుపట్టేది బుడగలమ్మే అంధుడు. మాట్లాడే సినిమా వచ్చిన కొత్తలోనే ఆ పని చేసి చూపించారు.

ఇక సంగీతం. మ్యూజిక్ లేకుండా సీను ఒకసారి పూర్తిగా ఎడిట్ చేయండి. అలా భయం రాకపోతే మ్యూజిక్ వేసినా రాదు, గోల మాత్రం వస్తుంది. హిచ్‌కాక్ 1963లో తీసిన బర్డ్స్‌లో మామూలు నేపథ్య సంగీతమే లేదు, పక్షుల చప్పుళ్లని ఎలక్ట్రానిక్ వాయిద్యంతో పుట్టించారు. అదే మనిషి 1960 నాటి సైకోలో స్నానాల గది సీనుకి మొదట సంగీతం వద్దనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగ వాయిద్యాలతో రాసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. అంటే సూత్రం ఏదీ లేదు, విని చూసి తేల్చుకోవాలి. మన తెలుగులో ఈ విద్యకి పాఠం కావాలంటే వంశీ 1985 నాటి అన్వేషణని హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ చూడండి. అడవి ఎక్కడ ఊరుకుంటుందో, ఇళయరాజా ఎక్కడ అందుకుంటారో నోట్‌బుక్‌లో రాసుకోండి.

మన సీనులో నేను మ్యూజిక్ పెట్టేది ఒక్కచోటే. రత్నం మళ్లీ స్విచ్ నొక్కి, ఫ్యాన్ వేగం అందుకుంటున్నప్పుడు, ఆ హోరు కిందనుంచి సన్నగా ఒక మంద్రస్వరం కలపాలి. ఫ్యాన్ ఎక్కడ ముగిసిందో సంగీతం ఎక్కడ మొదలైందో తెలియకూడదు.

నటికి ఏం చెప్పాలి

భయం నటించవద్దని చెప్పండి. ఫ్యాన్ ఆగేదాకా ఆమె పని అలసట మాత్రమే. పిన్నులు తీయడం, చెప్పులు ఒక కాలితో రెండో కాలివి వదిలించుకోవడం, మెడ నొక్కుకోవడం. ఫ్యాన్ చూశాక కూడా కళ్లు పెద్దవి చేయకూడదు. మనిషికి నిజంగా భయం తగిలినప్పుడు ముందు కదలిక ఆగిపోతుంది. పిన్ను సగం తీసిన చెయ్యి అక్కడే ఆగాలి, అంతే.

కత్తెర

రష్యాలో 1920 ప్రాంతంలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని మార్చకుండా, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి స్త్రీని అతికించి చూపించాడు. అదే ముఖంలో చూసేవాళ్లకి ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయి. రత్నం ఏమీ నటించక్కర్లేదని పైన అన్నది ఈ ధైర్యంతోనే. ఆమె ముఖం తర్వాత ఏ షాట్ పడుతుందో అదే ఆమె భావం.

ఫ్యాన్ సంఘటన నిజంగా జరిగితే పది సెకన్లు. తెర మీద దాన్ని ఇలా పేర్చుతాను. చూడకుండా స్విచ్ నొక్కే చెయ్యి, 2 సెకన్లు. అలసిన ముఖం, పిన్ను తీస్తూ, 3. అదే ముఖం, ఫ్యాన్ హోరు తగ్గుతోంది, ఆమె ఇంకా గమనించలేదు, 4. పైన ఫ్యాన్, అప్పటిదాకా కలిసిపోయి ఉన్న రెక్కలు విడివిడిగా కనపడటం మొదలు, 5. ఆమె కళ్లు పైకి, 2. కళ్లు స్విచ్ మీదకి, 2. ఫ్యాన్ గాలికి ఇంతసేపూ ఊగుతున్న పడగ్గది కర్టెన్ ఊగడం ఆగిపోవడం, 3. ఆమె ముఖం, ఏ భావమూ లేకుండా, 4. చెయ్యి తిరిగి స్విచ్ మీదకి, టక్, 3. మొత్తం 28 సెకన్లు, తొమ్మిది ముక్కలు.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది మూడో ముక్క. హోరు తగ్గుతున్నట్టు చూసేవాడు ఆమె కన్నా ముందే వింటాడు. ఆ నాలుగు సెకన్లు మొదటి మలుపు ఇంకా నడుస్తోంది. దాన్ని మూడుకి తగ్గిస్తే ఇద్దరికీ ఒకేసారి తెలిసినట్టవుతుంది, ఆరుకి పెంచితే ఆమె మందబుద్ధిలా కనిపిస్తుంది. ఇక్కడ పావు సెకను కూడా తేడా కొడుతుంది, ఓపిగ్గా అటూ ఇటూ జరిపి చూడండి. సైకోలో ఆ స్నానాల గది సీను తీయడానికి ఏడు రోజులు పట్టింది. తెర మీద అది మూడు నిమిషాలు.

తర్వాత తలుపు దాకా ఆరడుగుల నడక. దీనికి నేను ముక్కలు కోయను. ఒకే షాట్, కెమెరా ఆమెకి ఎదురుగా ఉండి వెనక్కి జరుగుతూ, ఆమె భుజం మీదుగా కర్టెన్ మసకగా. కోతలతో బిగించిన 28 సెకన్ల తర్వాత కోత లేకపోవడమే ఒత్తిడి. ఎప్పుడు కోత పడుతుందా అని చూసేవాడు కోరుకుంటాడు, ఎందుకంటే కోత పడితే ఊపిరి తీసుకోవచ్చు. ఇవ్వకండి.

అప్పు తీర్చడం

ప్రేక్షకుడి దగ్గర మూడు నిమిషాలు భయం అప్పు తీసుకున్నారు. వడ్డీతో తీర్చాలి. అంతా అయ్యాక కర్టెన్ వెనక నుంచి పిల్లి దూకితే అది మోసం. చెయ్యి షాట్ పెట్టి మనిషిని చూపించాం, మనిషే ఉండాలి. అయితే మధ్యలో ఒకసారి ఊపిరి ఇవ్వడం మంచిది. లాచ్ మీద రత్నం చెయ్యి పడగానే కింద నుంచి ముసలావిడ "రత్నం, పులుసు తెస్తన్నానుండు" అని పిలుస్తుంది. హమ్మయ్య, మనిషి వస్తోంది అనిపిస్తుంది. వెంటనే రెండో ఆలోచన: ఇప్పుడు ప్రమాదంలో ఉన్నవాళ్లు ఇద్దరు. పడగ్గదిలో పిచ్చుక్ మని చెప్పు చప్పుడు. మూడో మలుపు వచ్చింది, వాడికి అనుమానం తగిలింది. ఊపిరి ఇచ్చినట్టే ఇచ్చి బరువు పెంచడం అంటే ఇదే.

అక్కడి నుంచి ఎలా ముగించాలన్నది మీ కథ. నేనైతే రత్నాన్ని గెలిపిస్తాను, ఆ ఇల్లు ఆమెది, ప్రతి అంగుళం ఆమెకే తెలుసు.

షూటింగ్ రాత్రి గుర్తుంచుకోవాల్సినవి

సందులో రాత్రిపూట తీస్తుంటే స్థానిక పోలీస్ స్టేషన్‌కీ, ఇరుగుపొరుగుకీ ముందే చెప్పండి. ముఖం దాచుకున్న మనిషి మేడమెట్లెక్కుతుంటే నిజం అనుకుని ఎవరైనా పరిగెత్తుకొస్తే నటుడికే ప్రమాదం. నేవీ ప్రాంతాలు, పోర్టు, ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల డ్రోన్ మాట తలపెట్టకండి. ఈ సీనుకి ఆకాశం నుంచి షాట్ అవసరం కూడా లేదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, తేదీలు పెట్టుకునేటప్పుడు ఒకటి రెండు రాత్రులు చేతిలో ఉంచుకోండి. బీచ్ రోడ్డులో మాటలు రికార్డు చేయాల్సి వస్తే మైకుకి బొచ్చు తొడుగు లేకుండా వెళ్లకండి, గాలి, కెరటం కలిసి ఒక్క అక్షరం మిగల్చవు.

చూపించి చూడండి

ఎడిటింగ్ అయ్యాక కథ తెలియని ఐదుగురిని పిలిచి, మీరు తెర వైపు కాకుండా వాళ్ల వైపు తిరిగి కూర్చోండి. ఎలా ఉందని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. చేతులు చూడండి. సస్పెన్స్ పనిచేస్తుంటే చేతులు కదలవు. వేరుశనగ పొట్లం సగంలో ఆగిపోతుంది, గోళ్లు నోటి దాకా వెళ్తాయి, ఒళ్లో దిండు నలుగుతుంది. ఎవరైనా ఒళ్లు విరుచుకున్నారంటే ఆ క్షణాన్ని టైముతో సహా రాసుకోండి. మీ మూడు గడుల కాగితం తీసి, ఆ క్షణంలో ఎవరికి ఏం తెలుసో వెతకండి. గడి మారాల్సిన చోట మారకపోయి ఉంటుంది.

రెండోసారి మరో ఐదుగురికి తెర ఆపేసి శబ్దం మాత్రమే వినిపించండి. ఫ్యాన్ ఆగిన చోట గది ఒక్కసారిగా నిశ్శబ్దమై, ఎవరో ఒకరు తల పైకెత్తి మీ ఇంటి ఫ్యాన్ వైపు చూస్తే, ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసేయండి.